హిలారియా మేడమ్ సైకిలు దారి

శనివారం పొద్దున హిలారియా గోవసెస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొగమంచు విడిపోకముందే మొగుడి పంట్లాం తొడుక్కోవాలి. బడిలోంచి తెచ్చి దాచుకున్న సైకిలును పెరటి దారిన బయటికి నెట్టుకెళ్ళాలి. ఎవరి కంటా పడకుండా తొక్కడం నేర్చేసుకోవాలి. తిరిగొచ్చి స్నానం చేసి, పొడుగు గౌను తొడుక్కుని, తలగుడ్డ చుట్టుకుని, ఏమీ ఎరగనట్టు చర్చిలో పాటల సాధనకు వెళ్ళిపోవాలి. అంతే.

"ఈ పంట్లాం నడుము దగ్గర ఆగట్లేదు. గుండీ పట్టట్లేదు," అంది.

"పెళ్ళయిన కొత్తలో మనిద్దరం కలిసి పట్టేవాళ్ళం అందులో," అన్నాడు ఎలిఫాస్ టీ కప్పులోంచి తలెత్తకుండా.

ఎలిఫాస్ బతుకంతా నీళ్ళ ట్యాంకరు నడిపి ఇప్పుడు ఇంటిపట్టున కూర్చున్నాడు. ఎడారిలో ఏళ్ళ తరబడి ఒంటరిగా బండి నడిపిన మనిషికి మాటలు తగ్గిపోతాయి. మిగిలిన నాలుగూ పదునెక్కుతాయి.

"నీ వేళాకోళం తర్వాత. కట్టుకోడానికి తాడేదైనా ఇయ్యి."

"గాడిద పగ్గం ఉంది."

"అదే ఇయ్యి."

హిలారియా గోరాబిస్ బడికి హెడ్‌మిస్ట్రెస్. నిండైన మనిషి, నిండైన గొంతు. ఆమె వరండాలోకి వస్తే పిల్లలే కాదు, గోడ మీది బల్లులు కూడా వరసలో నిలబడతాయని ఊళ్ళో చెప్పుకుంటారు. అటువంటి మనిషి గాడిద పగ్గం నడుముకు బిగించుకోవలసి రావడానికి కారణం, ఆ వారంలోనే జరిగిన తల్లిదండ్రుల సమావేశం.

ఆనిబ్ పల్లె నుంచి నడిచొచ్చే పిల్లల కోసం, సముద్రాల అవతలి ఏదో చర్చివాళ్ళు గదినిండా సైకిళ్ళు పంపారు. కానీ ఆనిబ్‌కీ బడికీ మధ్య ఉన్నది ఒకటే తారురోడ్డు. దాని మీద పగలల్లా గని లారీలు. అవి పక్కనుంచి పోతే ఆ గాలికే మనిషి రెండడుగులు జరుగుతాడు. సైకిళ్ళు వచ్చి నెలలు గడిచినా ఒక్క తల్లీ తన బిడ్డను ఎక్కనివ్వలేదు. వాడుకోకపోతే వాటిని ఇంకో బడికి తరలిస్తామని పైనుంచి కబురొచ్చింది. అందుకే సమావేశం.

"ఆ లారీల పక్కన మా పిల్లల్ని సైకిలెక్కించమంటారా మేడమ్?" అంటూ లేచింది లొవీసా. ఆమె కాపురం ఆనిబ్‌లో, అంగడి గోరాబిస్ బస్టాండులో. పిండి ముద్దలు నూనెలో వేయించి ఫెట్‌కూక్ అమ్ముతుంది. వాటితోపాటు ఊరి కబుర్లు కూడా దోరగా వేయించి పెడుతుంది. "నడిచే పిల్లయితే లారీ వచ్చినప్పుడు పక్కకి దూకుద్ది. సైకిలు మీదున్న పిల్ల ఎటు దూకుద్ది?"

"చుట్టూ ఇంత నేలుంది లొవీసా. లారీలు లేని దారే దొరకదా?"

"దొరికితే మీరే ముందు తొక్కి చూపించండి. అప్పుడు పంపుతాం."

హిలారియాకు రోషం ముక్కు మీదే ఉంటుంది. "సరే! దారి నేనే వెతుకుతా. ముందు నేనే తొక్కుతా. నా వెనక మీ పిల్లలు. మాటంటే మాటే!"

చప్పట్లు మోగిపోయాయి. ఆ చప్పట్ల ఊపులోనే ఆమె ఇంటిదాకా నడిచొచ్చేసింది. గేటు తీస్తుండగా గుర్తొచ్చింది, తనకు సైకిలు తొక్కడం రాదని.

ఎడారిలో చోటుకేం కరువు అనుకుంటారు బయటివాళ్ళు. చోటుకు కరువు లేదు. కానీ ఇసక ఉన్నచోట చక్రం దిగబడుతుంది, ఇసక లేనిచోట కంకర ఎముకల్ని విడివిడిగా ఊపుతుంది, గట్టి నేల కనపడ్డచోట అప్పటికే లారీలు తిరుగుతుంటాయి. అన్నీ కుదిరిన జాగా ఎక్కడైనా దొరికినా, చెట్టూ పుట్టా అడ్డంలేని బయలు కాబట్టి అక్కడ పడ్డవాణ్ణి ఊరు ఊరంతా చూస్తుంది. హెడ్‌మిస్ట్రెస్‌కు దిక్కు పొగమంచే.

ఆ మంచును నమ్ముకుని ఇద్దరూ ఊరి పక్కన ఎండిపోయిన ఏట్లోకి దిగారు. ఏటి నేల చూడ్డానికి పరిచిన దుప్పటిలా ఉంది. హిలారియా సైకిలెక్కింది. ఎలిఫాస్ వెనక సీటు పట్టుకున్నాడు.

"ముందుకు చూడు. తొక్కడం ఆపకు. ఆపితే పడతావ్. సైకిలంటే అంతే," అన్నాడు.

"వదలవు కదా?"

"వదల్ను."

అతను మాట తప్పలేదు. ముందు చక్రం ఇసకలో పిడికెడు దిగగానే ఆమె కుడివైపుకు ఒరిగింది, వదలనన్నందుకు అతనూ ఒరిగాడు, ఇద్దరూ వెళ్ళి ఏటి ఒడ్డున పడుకున్న మేకల మంద మీద పడ్డారు. మేకలు ఒక్కసారిగా గోల చేస్తూ నాలుగు దిక్కులా పరిగెత్తాయి. మంచులోంచి ఒక ముసలి గొంతు అరిచింది. "ఎవడ్రా అది? ఎవడ్రా నా మేకల్లో?"

సైకిలును చెరోవైపు ఎత్తి పట్టుకుని మొగుడూ పెళ్ళాలు లగెత్తారు. ఇల్లు చేరాక చూసుకుంటే రెండు చక్రాల నిండా పల్లేరుకాయలు, హిలారియా మోకాలి మీద నిమ్మకాయంత బొప్పి.

పాటల సాధన దగ్గర ఆమె కుంటడం మొదట లొవీసాయే చూసింది.

"ఏంటి మేడమ్, కాలికేమైంది?"

"మెట్ల మీద జారాను."

గోరాబిస్‌లో మేడ అన్నది లేదు. మెట్లున్న ఇల్లు ఒక్కటీ లేదు. లొవీసా దీని గురించి ఆ సాయంత్రం ఎంత గట్టిగా ఆలోచించిందంటే, అంగట్లో ఒక వాయి మొత్తం మాడిపోయింది.

పాటల సాధన ఇంకా ముగియకముందే చర్చి గుమ్మంలోకి ఊపా గెర్సన్ వచ్చాడు. తాతా అన్నట్టు ఊరంతా అతన్ని ఊపా అని పిలుస్తారు. మేకలే అతని ఆస్తి, మేకలే అతని బంధుబలగం.

"మేడమ్, ఊళ్ళో దొంగ పడ్డాడు! నా కళ్ళతో చూశా. సైకిలేసుకొచ్చాడు మేకల్ని ఎత్తుకుపోడానికి. నడుముకి పగ్గం కూడా చుట్టుకొచ్చాడు. ఎంత లావున్నాడనుకున్నారు!"

"మరీ అంత లావా ఊపా?" అంది హిలారియా కాస్త నొచ్చుకుని.

"ఆంబోతు! పక్కనే ఇంకోడున్నాడు, బక్కోడు. వాడు దొంగతనానిక్కూడా పనికిరాడు. కింద పడి మూలుగుతున్నాడు."

చర్చి వెనక బల్ల మీద ఎలిఫాస్ కిటికీలోంచి బయటి ఎండను శ్రద్ధగా చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం నుంచి ఊరి మగాళ్ళు కర్రలు పట్టుకుని వంతులవారీగా ఏటికి కాపలా కాశారు. సైకిలు దొంగ లావు రోజుకింత పెరిగింది. ఇక ఏటి వైపు వెళ్ళే దారి లేదు.

రెండో చోటు ఊరికి దూరంగా, ఎప్పుడో చిన్న విమానాలు దిగడానికి చదును చేసి, తర్వాత అందరూ మరిచిపోయిన నేల. బల్లలా ఉంది. దొంగల కాపలా ఇక్కడికి రాదు. అయితే ఆ రోజు మొదటి పాఠం ఆగడం.

"ఎలా ఆపాలి?"

"చేతి కింద ఉన్నది నొక్కు."

ఆమె నొక్కింది. ఏదైనా చేస్తే మనస్ఫూర్తిగా చేసే మనిషి కాబట్టి శక్తికొద్దీ నొక్కింది. ముందు చక్రం ఆగింది. హిలారియా ఆగలేదు. హ్యాండిలు మీదుగా అవతలికి వెళ్ళి నేల మీద కూర్చుంది. కాసేపు ఊపిరి తీసుకుని, "ఈ జన్మలో మళ్ళీ దాన్ని ముట్టుకోను," అంది.

"మరెలా ఆగుతావ్?"

"అది నువ్వు చూడు."

ఎలిఫాస్ పారతో ఇసక కుప్ప ఒకటి పోశాడు. నేరుగా దాంట్లోకి తొక్కుకెళ్ళి దిగబడిపోతే చాలు, బ్రేకుతో పనిలేదు. ఆమెకు ఈ ఏర్పాటు నచ్చింది. కుప్పకు ఎదురుగా, బాగా దూరంగా సైకిలు నిలబెట్టుకుని ఎక్కబోతుండగా మంచులో ఏదో కదిలింది.

"ఎవరో నిలబడ్డారు చూడు."

"ఎవరో పొడుగాటి మనిషి," అన్నాడు ఎలిఫాస్ కళ్ళు చికిలించి.

"మెడ మరీ పొడుగ్గా లేదూ?"

అది నిప్పుకోడి. మగది. దగ్గర్లో గుడ్లున్నట్టున్నాయి. రెక్కలు విప్పి బుస్సుమంది. ఎలిఫాస్ వెనక సీటును మొదటిసారి వదిలేశాడు. వదిలేసి, ట్యాంకరుకు కూడా ఎన్నడూ రాని వేగంతో పడమటి దిక్కుకు పోయాడు. సైకిలు మీద సగం ఎక్కిన హిలారియాకు దిగడానికి తీరిక లేదు. తొక్కింది. వెనక ధనధనమని అడుగుల చప్పుడు. ఇంకా తొక్కింది. ఒరగలేదు, వణకలేదు, పక్కకు చూడలేదు. మొగుడు నేర్పలేనిది పక్షి నేర్పింది.

కొంతదూరం తరిమి నిప్పుకోడి తన దారిన పోయింది. ఆ సంగతి తెలియక హిలారియా అదే ఊపులో వెళ్ళి ఇసక కుప్పలోకి దూసుకుపోయింది. ఎలిఫాస్ వగరుస్తూ వచ్చేసరికి కుప్ప మీద కూర్చుని నోట్లోంచి ఇసక ఉమ్ముతూ నవ్వుతోంది.

"తొక్కాను! చూశావా? నేనే, ఒక్కదాన్నే!"

"చూళ్ళేదు. పరిగెడుతున్నా."

పెళ్ళాం ముఖం అంత వెలిగిపోవడం ఎలిఫాస్ చూసి చాలా కాలమైంది. ఇంటికొచ్చేదాకా అతను ఇంకో వేళాకోళం ఆడలేదు. పైగా దారి సంగతి తనంత తానే ఎత్తాడు. బడి వెనకనుంచి ఆనిబ్‌కు పూర్వం గాడిదబండ్ల దారి ఒకటి ఉండేది. తారురోడ్డు పడ్డాక దాన్ని అందరూ వదిలేశారు. అడుగున నేల రాయిలా గట్టిది, లారీలు ఆ దరిదాపులకు రావు. చిక్కల్లా ఒకటే, అక్కడక్కడా ఇసక కప్పేసి దారి ఎటుపోతోందో తెలియదు. తప్పి పక్కకు పోతే మెత్తటి ఇసకలో మునుగుతాం.

"గుర్తులు పెడతా," అన్నాడు ఎలిఫాస్.

ఇంటికి వెల్ల వేయగా మిగిలిన సున్నం ఉంది. మధ్యాహ్నాలు ఎండలో కూర్చుని రాళ్ళకు సున్నం పూశాడు. ఇసక ఊడుస్తూ దారికి రెండువైపులా రాళ్ళు పేర్చుకుంటూ పోయాడు. సగం దూరం వెళ్ళేసరికి సున్నం అయిపోయింది. అక్కడ, పెళ్ళాం ఆగడానికి, మంచి ఇసక కుప్ప ఒకటి పోసి వచ్చాడు.

తెల్లటి రాళ్ళు ఎడారిలో ఎంత దూరానికి కనిపిస్తాయో అతను ఆలోచించలేదు.

"ఏంటి బావా ఈ రాళ్ళు?" అని దారినపోయేవాళ్ళు అడిగారు.

"మేడమ్ ఆర్డరు," అన్నాడతను. అంతకుమించి మాట్లాడే అలవాటు అతనికి లేదు.

ఆ రెండు ముక్కలూ బస్టాండు చేరేసరికి పెరిగి పెద్దవయ్యాయి. అవి దొంగలు పెట్టుకున్న గుర్తులని ఊపా గెర్సన్ గట్టిగా చెప్పాడు. రైలు వస్తోందని ఒకరన్నారు. కాదు, గని కోసం ఊరి శ్మశానాన్ని అటు మారుస్తున్నారని ఇంకొకరన్నారు, వాళ్ళత్త సమాధికి మంచి చోటు కావాలని అప్పుడే బేరం కూడా మొదలుపెట్టారు. చివరికి తీర్పు లొవీసాదే.

"అంతా నోరు మూసుకోండి. అది గవర్నమెంటు రోడ్డు. మేడమ్‌కి పైనుంచి ఆర్డరొచ్చింది. పాపం రోడ్డు కొలవడానికి పోయే కాలు విరగ్గొట్టుకుంది. మనకేమో మెట్లని చెప్పింది."

తీర్పిచ్చి ఊరుకోలేదు. రోడ్డు పడ్డాక చోటు దొరకదని, మర్నాడే మూకుడూ పొయ్యీ ఎత్తుకెళ్ళి తెల్లరాళ్ళ పక్కన అంగడి పెట్టేసింది. ఆమెను చూసి మంగలి కుర్చీ వచ్చింది. మంగలిని చూసి ఫోను కార్డులమ్మే గొడుగు వచ్చింది. ఊపా గెర్సన్ ఇంకాస్త ముందుచూపున్నవాడు. రోడ్డు పోయే చోట దొడ్డి ఉంటే సర్కారు నష్టపరిహారం ఇస్తుందని ఎక్కడో విన్నాడు. ముళ్ళకంపలు తెచ్చి సరిగ్గా రాళ్ళ వరసల మధ్య మేకలదొడ్డి కట్టి, మేకల్ని తోలి, తలుపు దగ్గర కూర్చున్నాడు.

సైకిలు నెట్టుకుంటూ వచ్చిన హిలారియా అది చూసి నిలువునా నీరైపోయింది. ఇన్నాళ్ళకు ఎడారిలో సైకిలు తొక్కడానికి ఒక చోటు దొరికింది. వారం తిరక్కుండా అక్కడ సంత వెలిసింది.

సరిగ్గా అప్పుడే కౌన్సిలర్ జోసాఫాట్ తెల్ల బండి వచ్చి ఆగింది. ఎన్నికలు ముంగిట్లో ఉన్నాయి కాబట్టి ఆయన ఈమధ్య ప్రతి అంగట్లోనూ ఏదో ఒకటి తింటున్నాడు. లొవీసా చేతికి ఫెట్‌కూక్ అందిస్తూనే గట్టిగా అడిగింది.

"ఈ రోడ్డు పని ఎప్పుడు మొదలెడతారు కౌన్సిలర్‌గారూ?"

ఏ రోడ్డో ఆయనకు తెలియదు. కానీ ఎన్నికల ముందు ఏ కౌన్సిలరుకూ 'తెలీదు' అన్న మాట నోరు తిరగదు.

"మొదలెట్టడమేంటి? మొదలైపోయిందిగా. రాళ్ళు కనపట్టంలా?"

"ఇంత సన్నగా ఉందేంటి? లారీ పట్టదు, రైలు పట్టదు. అసలు ఏ రోడ్డిది?"

కౌన్సిలర్ రాళ్ళ వంక చూశాడు. మేకల వంక చూశాడు. నోట్లోది నములుతూ ఎంతసేపు గడపొచ్చో అంతసేపు గడిపాడు. అప్పుడాయన చూపు హిలారియా మీద పడింది, ఆమె చేతిలోని సైకిలు మీద పడింది. ముఖం విప్పారింది.

"సైకిలు దారి!" అన్నాడు. "పిల్లల కోసం! నేనూ మేడమూ కలిసి గుట్టుగా చేస్తున్న పని. చెప్పేద్దామా మేడమ్? చెప్పేశాను. వచ్చే శనివారమే ప్రారంభోత్సవం. మేడమే ముందు తొక్కుతారు!"

కాదంటే ఆ రాళ్ళెందుకో చెప్పాలి. అది చెబితే ఇసక కుప్ప సంగతి, నిప్పుకోడి సంగతి, పగ్గం కట్టిన పంట్లాం సంగతి కూడా చెప్పాలి. హిలారియా బలవంతాన ఒక నవ్వు నవ్వి తలూపింది.

"నిజం చెప్పేస్తే పోయేది," అన్నాడు ఎలిఫాస్ ఇంటికొచ్చాక.

"తొక్కడమే వచ్చు, ఆగడం రాదని ఊరందరి ముందూ చెప్పమంటావా? హెడ్‌మిస్ట్రెస్‌ని!"

"ఆగడానికి కుప్ప ఉందిగా. వెళ్ళి మెల్లిగా అందులో దిగబడు. ఉపన్యాసానికి ఆగావనుకుంటారు."

ఆ మాట ఆమెకు కొంత ధైర్యం ఇచ్చింది.

శనివారానికి కౌన్సిలర్ మనుషులు దారిని ముస్తాబు చేశారు. రాళ్ళకు కొత్త సున్నం పూశారు. అంగళ్ళను పక్కకు జరిపారు. ఊపా గెర్సన్‌ను బతిమాలి, దొడ్డిని ఆనిబ్ అవతలికి మార్పించారు. రేపు రోడ్డు అక్కడికీ పెరిగితే మళ్ళీ అడ్డం రావాలి కదా అని, అతను దాన్ని పాత బండిదారి మీదే కట్టించుకున్నాడు. దొడ్డితోపాటు, ఏటి ఒడ్డున పోగుపడ్డ ఏళ్ళనాటి మేకల ఎరువంతా బండ్లతో తోలించుకుని కుప్ప పోయించుకున్నాడు. అంతా అయ్యాక ఒక బుద్ధిమంతుడికి దారి మధ్యలో ఇసక కుప్ప కనిపించింది. ఇదేంటి ఇంత అసహ్యంగా అని, దాన్ని శుభ్రంగా ఎత్తి పారబోశాడు.

బూరల మేళం వాయిస్తోంది. దారికి అడ్డంగా రిబ్బను కట్టారు. బడి పిల్లలు సైకిళ్ళ మీద బారులు తీరారు. వాళ్ళందరికీ తొక్కడం బాగా వచ్చు, ఆపడం ఇంకా బాగా వచ్చు. తల్లిదండ్రులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. హిలారియా పండగ గౌను అంచు ఎత్తి బట్టల క్లిప్పులతో బిగించుకుంది. కౌన్సిలర్ ఉపన్యాసం ఎత్తుకున్నాడు. గౌను బరువుతో సైకిలు ఎటో ఒరగబోతుంటే, పడితే పరువు పోతుందని ఆమె ఒక తొక్కు తొక్కింది. ఇక అంతే.

"ఈ దారి నా చిన్ననాటి కల..." అంటున్న కౌన్సిలర్ పక్కనుంచి, కత్తెర పట్టుకున్న మనిషి పక్కనుంచి వెళ్ళి రిబ్బనును మెడకు తగిలించుకుని సాగిపోయింది. 'నా వెనక మీ పిల్లలు' అన్నది ఆమె మాటే కాబట్టి, పిల్లలు గంటలు మోగించుకుంటూ వెనకే కదిలారు.

ఎలిఫాస్ ముందుగానే వెళ్ళి రాళ్ళ చివర నిలబడ్డాడు. కుప్ప లేదన్న సంగతి అక్కడికి వెళ్ళాకే చూశాడు. రెండు చేతులూ ఊపుతూ ఎదురు పరిగెత్తాడు.

"లేదు! కుప్ప లేదు! కుప్ప లేదు!"

ఆమెకు గాలిలో 'ఒప్పు లేదు' అన్నట్టు వినపడింది. ఏం ఒప్పు లేదో అర్థం కాలేదు. దాటి వెళ్ళిపోయాక అర్థమైంది.

రాళ్ళు అయిపోయాయి. ముందు పాత బండిదారి సన్నగా, చెరిగీ చెరగని గీతలా ఉంది. ఆపితే పడతావ్ అన్న మొగుడి పాఠం ఒకటే తలలో తిరుగుతోంది. భయమేసింది. చేసేదేమీ లేక తొక్కింది. కాసేపటికి ఆ భయం కూడా అలిసిపోయింది. చుట్టూ ఎర్రటి నేల, పైన నీలం ఆకాశం, గుండె నిండా చల్లగాలి. ఒక్క లారీ లేదు. వెనక పిల్లల కేరింతలు, గంటలు. ఇన్నేళ్ళు ఆ పిల్లలకు వరసలో నిలబడమనే చెప్పింది. ఇలా వరస తప్పి గోల చేస్తుంటే ఇంత బాగుంటుందని ఎన్నడూ అనుకోలేదు.

లొవీసా పెద్దకూతురు పక్కకు వచ్చింది. "మేడమ్, ఎక్కడ ఆగుతాం?"

"ఆగేచోట!" అంది హిలారియా.

వెనకాల తల్లిదండ్రులు మొదట నివ్వెరపోయి, తర్వాత పరుగందుకున్నారు. పరిగెత్తలేనివాళ్ళు గాడిదబండ్లెక్కారు. ఉపన్యాసం వినేవాళ్ళు మిగలకపోవడంతో కౌన్సిలర్ కూడా బండెక్కాడు. ఆనిబ్‌లో జనం ఇళ్ళముందుకు వచ్చి నిలబడ్డారు. మనవలు, మనవరాళ్ళు సైకిళ్ళ మీద దూసుకొస్తుంటే అవ్వలు ఈలలు వేశారు. పిల్లలంతా ఊళ్ళో చక్కగా ఆగారు. హెడ్‌మిస్ట్రెస్ మాత్రం మెడలో రిబ్బనుతో, అందరికీ తల వంచి నమస్కారాలు అందుకుంటూ, ఊరి ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళి, ఊరు దాటి పోయింది.

ఊరి అవతల ఊపా గెర్సన్ మేకలదొడ్డి తలుపు తీసి ఉంది.

జనం చేరుకునేసరికి సైకిలు చక్రం ఇంకా గిర్రున తిరుగుతోంది. హిలారియా ఎరువు కుప్పలో నడుందాకా కూరుకుపోయి కూర్చుని ఉంది. చుట్టూ మేకలు నిలబడి చూస్తున్నాయి. గెర్సన్ ఆమెనూ సైకిలునూ మార్చి మార్చి చూశాడు. ఆ నిండైన ఆకారాన్ని మంచులో ఎక్కడో చూసినట్టుంది, కానీ అంతటి మేడమ్ గురించి అలా అనుకోవడం పాపమని లెంపలేసుకున్నాడు.

ఎలిఫాస్ వచ్చి చెయ్యి అందించాడు. ఆమె అందుకోలేదు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదనిపించింది. ఉన్నదంతా కక్కేయాలనిపించింది.

"అందరూ వినండి!" అని అరిచింది. బడి వరండా గొంతు అది. మేకలతో సహా అంతా నిశ్శబ్దమైపోయారు. "నిజం చెప్పేస్తున్నా. నాకు ఆగడం రాదు!"

లొవీసా కళ్ళొత్తుకుంది.

"విన్నారా?" అంది జనం వైపు తిరిగి. "ఆగడం రాదంట! మన పిల్లల కోసం! ఊరు దాటినా ఆగలేదు. ఇలాంటి మనిషిని ఎక్కడైనా చూశారా?"

చప్పట్లు మొదలయ్యాయి. "అది కాదు లొవీసా, నిజంగానే నాకు బ్రేకు..." అంటూ ఆమె చెప్పబోయిన మాట చప్పట్లలో కలిసిపోయింది. బూరల మేళంవాళ్ళు గాడిదబండి దిగి మళ్ళీ వాయించడం మొదలుపెట్టారు.

"చెప్పావుగా," అన్నాడు ఎలిఫాస్ నెమ్మదిగా. "ఇంక లే."

ఆనిబ్ అవ్వ ఒకావిడ కౌన్సిలర్ చొక్కా పట్టుకుంది. "ఏం బాబూ, ఈ దారి మా ఊరిదాకా వేస్తున్నారా? మేడమ్ తొక్కి చూపించింది అందుకేనా?"

చుట్టూ అంతమంది ఓటర్లు. కౌన్సిలర్ చెయ్యెత్తాడు. "మరెందుకనుకున్నావమ్మా? మేడమ్ ఎంతవరకు తొక్కారో అంతవరకూ వేస్తాం! ఒక్క గజం తగ్గితే నన్నడగండి!"

లొవీసా చెమట తుడుచుకుంటూ వచ్చిన దారికేసి వెనక్కి చూసింది. "అంత దూరం పరిగెత్తానా మేడమ్, ఒక్క లారీ ఎదురు రాలా," అంది. "సోమవారం నుంచి మావాళ్ళిద్దరూ సైకిలు మీదే వస్తారు. మీరు మాత్రం కాస్త పంట్లాం తొడుక్కుంటే మంచిది, గౌను చక్రంలో పడుద్ది."

సోమవారం బడి గదిలో సైకిలన్నది మిగల్లేదు. ఎన్నికలు అయ్యేలోపే దారి పడింది, అన్న మాట ప్రకారమే పడింది. కాంట్రాక్టరు ఒక్క గజం కూడా తగ్గించలేదు. ఆనిబ్ దాటాక ఉన్న ఆ చివరి ముక్కను మేకలు బాగానే వాడుకుంటున్నాయి.